అన్నం వద్దన్న కోడలు

పోయిన మాఘంలో మా చిన్నత్తయ్య గారి మనవడి పెళ్ళి నరసరావుపేటలో జరిగింది. బంతిలో కూర్చున్నాం. అన్నం వడ్డిస్తూ వచ్చిన కుర్రాడితో, "నాకొద్దు నాయనా, కూరలు మాత్రం వెయ్యి" అన్నాను. మెల్లగానే అన్నాను. కానీ ఎదురు వరసలో ఉన్న చిన్నత్తయ్య చెవిన పడింది.

"ఏందమ్మాయ్, మా ఇంట్లో మెతుకు ముట్టనని ఒట్టేసుకొచ్చావా?"

ఇక చూడండి. పక్కనున్నావిడ, "షుగరంట, డైటింగంట. నలభై దాటినాక ఈ షోకులేందో" అంది. ఇంకొకావిడ, "అన్నం పరబ్రహ్మ స్వరూపం, మనం వద్దంటే అది మనల్ని వద్దంటది" అంది. మా ఆడపడుచు నవ్వుతూనే, "మా అన్నయ్య తిండి పెట్టట్లేదనుకుంటారు వదినా" అంది. అందరి చూపులూ నా విస్తరి మీదే. తలొంచుకుని ఒక గరిటె పెట్టించుకున్నాను. పప్పు వేసి కలిపాను, తినకుండా ఆకు మడిచేశాను.

శావల్యాపురం తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మా అత్తయ్య మాట్లాడలేదు. ఊరి పొలిమేరలో అంది: "వద్దనుకుంటే వద్దనాలి. పెట్టించుకుని పారేస్తావా? ఆ మెతుకుల కోసం మేం ఎంత ఏడ్చామో నీకేం తెలుసు."

తక్కినవాళ్ళ మాటలు రెండు రోజుల్లో మర్చిపోయాను. ఈ మాట మాత్రం పోలేదు.

నా సంగతి ముందు చెప్పాలి. మా అమ్మకి షుగర్ ఇరవై ఏళ్ళు ఉంది. కాలి వేలికి పుండు పడి, వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ డ్రెస్సింగులన్నీ నా చేతులతోనే చేశాను. అందుకని కిందటేడాది నా మూడు నెలల సరాసరి పరీక్షలో 7.2 అని కనపడగానే కాళ్ళల్లో వణుకు పుట్టింది. పిండి పదార్థాలు తగ్గించుకున్నాను. పొద్దున ఇడ్లీకి బదులు రెండు గుడ్లు, మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం లేకపోతే ఒక జొన్నరొట్టె, దాంతో పప్పూ గోంగూరా కూరలూ కడుపు నిండా, రాత్రికి అన్నం లేదు. చికెనో పనీరో పెరుగో. ఎనిమిది నెలలకి 6.3కి వచ్చింది. (మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టరుకి చెప్పకుండా అన్నం తగ్గించకండి. మాత్ర అదే మోతాదులో ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.)

మొదట్లో ఎవరేమన్నా లెక్కలతో జవాబు చెప్పేదాన్ని. ఫోన్ తీసి రిపోర్టు చూపించేదాన్ని. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. అత్తయ్య మాట విన్న తర్వాతే తెలిసింది, వాళ్ళు అడుగుతున్నది షుగర్ లెక్క కాదని.

నేను బీఏలో తెలుగు చదువుకున్నాను. శ్రీనాథుడి చాటువులు చెప్పుకుని క్లాసంతా నవ్వేవాళ్ళం. పదిహేనో శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా భోగం అనుభవించిన మనిషి. పల్నాడు వచ్చేసరికి ఆయనకి ఇక్కడి నీళ్ళు నచ్చలేదు, రాళ్ళు నచ్చలేదు, అన్నిటికంటే జొన్నకూడు అసలు నచ్చలేదు. సాక్షాత్తూ మన్మథుడొచ్చినా ఈ సీమలో జొన్నకూడే తినాలని వెక్కిరించినట్టు ఆయన పేరు మీద పద్యాలు ప్రచారంలో ఉన్నాయి. మరి ఆ శ్రీనాథుడే పల్నాటి వీరచరిత్ర రాశాడని కూడా చెప్తారు. తిట్టినచోటి కథనే తలకెత్తుకున్నాడన్నమాట.

పాత లెక్కలో మాది వినుకొండ తాలూకా. అసలు పల్నాడంటే గురజాల, మాచర్ల వైపు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక మేమూ పల్నాడు జిల్లా అయ్యాం, కాబట్టి శ్రీనాథుడి వెక్కిరింపులో ఇప్పుడు మాకూ వాటా వచ్చింది. తమాషా ఏంటంటే, ఆయన వైభవం వెలగబెట్టిన కొండవీడు కూడా ఇప్పుడు ఇదే జిల్లా!

క్లాసులో నవ్వినప్పుడు నాకు తట్టని విషయం ఒకటుంది. ఆ వెక్కిరింపు ఐదారు వందల ఏళ్ళు నడిచింది. 1850ల్లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక కృష్ణా డెల్టా అంతా వరి అయింది. మెట్ట మాత్రం మెట్టగానే ఉండిపోయింది. డెల్టా పిల్లని పల్నాటికి ఇవ్వాలంటే, "జొన్నకూడు తినే ఊరికా?" అనేవాళ్ళట. మా అత్తయ్య పుట్టిల్లు రెంటచింతల వైపు. ఆవిడ చెప్పే కబుర్లు నేనెప్పుడూ సగం చెవితో వినేదాన్ని. పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు ఎదురుగా కూర్చుని పూర్తిగా విన్నాను.

తెల్లారుజామునే లేచి జొన్నలు తడిపి రోట్లో దంచాలి. పొట్టు చెరగాలి. మళ్ళీ దంచాలి. ఎసట్లో పోసి సంకటి కెలకాలి. పదిమంది ఇంటికి ఈ పనంతా ఇద్దరు ఆడవాళ్ళదే. అరచేతుల్లో కాయలు కాసేవట. వరన్నం పండక్కి వండేవాళ్ళు, జ్వరం వచ్చి తగ్గినవాళ్ళకి పెట్టేవాళ్ళు, అల్లుడొస్తే వండేవాళ్ళు. "చుట్టం భోంచేస్తుంటే పిల్లలం తలుపు చాటున నిలబడేవాళ్ళం. గిన్నెలో ఏమన్నా మిగిలిస్తాడేమోనని" అంది అత్తయ్య. కావాలని జ్వరం వచ్చినట్టు పడుకున్న రోజులు కూడా ఉన్నాయట. అన్నం కోసం.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. మనవైపుది కుడి కాలువ, జవహర్ కాలువ అంటారు. పిల్లకాలువలు తవ్వి పొలాలకి నీళ్ళు చేరడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అత్తయ్య కాపురానికి వచ్చింది 1968లో. ఇంట్లో రోజూ వరన్నం ఉడకడం ఆ తర్వాత కొన్నేళ్ళకే మొదలైంది. మొదటిసారి సొంత పొలం వడ్లు మర పట్టించి తెచ్చిన రోజు, మామయ్య గారు నలుగురిని పిలిచి భోజనం పెట్టారట. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాక, పొలం లేని ఇళ్ళల్లో కూడా అన్నం కుండ పొయ్యెక్కింది. 1986లో మన బాపట్ల నుంచి సాంబ మసూరి, అదే బీపీటీ 5204, విడుదలైంది. సన్నబియ్యం అలవాటయ్యాక పాత ముతక రకాలు కూడా ఎవరికీ నచ్చలేదు.

అంటే ఒక్క తరంలో రోకలి పోయింది, వెక్కిరింపు పోయింది. చుట్టం గిన్నె వంక చూసే పిల్లలు పోయారు. ఇవాళ నేను, ఆ ఇంటి కోడల్ని, విస్తట్లో అన్నం వద్దంటున్నాను. ఆవిడకి ఎలా అనిపించి ఉంటుంది?

కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. బ్రహ్మనాయుడి చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద తినాలన్నదే ఆయన పట్టుదల. ఈ నేల మీద కలిసి తినడమంటే కడుపు నింపుకోవడం ఒక్కటే కాదు. బంతిలో ఒకరు వద్దంటే, వాళ్ళకి ముందు వినపడేది "మీతో నాకు పొత్తు లేదు" అనే. మా చిన్నత్తయ్య కోపం దాని మీదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆడపడుచు మాట మాత్రం ఎత్తిపొడుపే, దానికి చరిత్రతో పని లేదు.

అలాగని నా పద్ధతి తప్పని ఒప్పుకోవట్లేదు. వరన్నం గొప్పదైతే, మర పట్టిన తెల్లబియ్యం కథ ఇంకొకటి. బెరిబెరి అని విన్నారా? కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతినే జబ్బు. మద్రాసులో మాల్కంసన్ అనే డాక్టరు 1835లోనే దీని మీద పుస్తకం రాశాడు. తర్వాత కూనూరు ప్రయోగశాలవాళ్ళు పరిశీలిస్తే, మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది కోస్తా సర్కారు జిల్లాల్లో, మరాడించిన పచ్చిబియ్యం తినేచోట. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే కారణం. జొన్నకూడు తినేవాళ్ళని చూసి నవ్విన కోస్తాలోనే అన్నం వల్ల జబ్బు! ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదు వచ్చింది, అదే మన జాతీయ పోషకాహార సంస్థ.

వాళ్ళ 2017 పట్టికలు చూసి నేనే కంగుతిన్నాను. వంద గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు, జొన్నలో 68. తేడా అంతే! జొన్నరొట్టె తింటూ నేను లో-కార్బ్ అని చెప్పుకోవడం పెద్ద కోత. జొన్నలో పీచు 10 గ్రాములు, బియ్యంలో 3 కూడా లేదు, ఆ మేలు మాత్రం నిజం. ఇంకోటి, ఒక రొట్టెతో ఆగగలం. అన్నం దగ్గర పప్పుకో వాయి, చారుకో వాయి, పెరుగుకో వాయి అవుతుంది. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు జొన్నల్ని ఎంతమంది పొగిడారో. అందులో రోకలి పట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటారు? ఇప్పుడు పిండి ప్యాకెట్ దొరుకుతుంది కాబట్టి నాకు జొన్న తేలిక. ఈ మాట అత్తయ్య దగ్గర ఒప్పుకున్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది.

మాటలు పడ్డవాళ్ళలో నేనేమీ మొదటిదాన్ని కాదు. లండన్లో విలియం బాంటింగ్ అని అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి ఉండేవాడు. మనిషి పొట్టి, బరువు 92 కిలోలు. వంగి బూటు తాడు కట్టుకోలేడు, మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చేది. హార్వీ అనే చెవి డాక్టరు చెప్తే రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంప మానేసి ఏడాదిలో 20 కిలోలకి పైగా తగ్గాడు. 1863లో ఆ అనుభవం చిన్న పుస్తకంగా అచ్చేసి ఊరికే పంచాడు. డాక్టర్లు వెక్కిరించారు. ఆయన ఎవరితోనూ పోట్లాటకి దిగలేదు. తర్వాతి ముద్రణల్లో తన బరువు, తన తిండి, తనకొచ్చిన ఉత్తరాల సంగతి చెప్పుకుంటూ పోయాడు. అమ్మకం డబ్బు ధర్మానికి ఇచ్చేశాడు, ఎనభై దాటిందాకా బతికాడు. స్వీడన్ భాషలో బరువు తగ్గడానికి ఇప్పటికీ ఆయన పేరే క్రియాపదం, "బాంటా". తెలుగు చదివినదాన్ని కదా, నాకది భలే నచ్చింది. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ వచ్చినప్పుడు టీవీల్లో డాక్టర్లతో ఎంత వాదన జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. నేనది చెయ్యలేదు, అంత నూనె తాగడం నా వల్ల కాలేదు.

బాంటింగ్ నుంచి ఒకటి నేర్చుకున్నాను. ఎదుటివాళ్ళ పళ్ళెం గురించి మాట్లాడటం మానేశాను. ఇదివరకు "మీరూ తగ్గించండి పిన్నీ" అనేదాన్ని. అందుకే అంత కోపాలు వచ్చేవి. ఇప్పుడు ఎవరింటికన్నా వెళ్తే, బంతిలో కూర్చోకముందే వంటింట్లోకి వెళ్ళి ఇంటావిడతో చెప్తాను: "అమ్మ కాలి సంగతి తెలుసుగా వదినా, నాకు ఒక్క ముద్ద చాలు." ఆ ఒక్క ముద్ద పెట్టించుకుని, మెతుకు మిగలకుండా తింటాను. చిన్నత్తయ్య ఇంటికి కూడా వెళ్ళి అలాగే తిని వచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు, కానీ రెండోసారి నెయ్యి తెచ్చి పోసింది.

మా అత్తయ్యకీ షుగరే. మూడు పూటలా అన్నమే తింటుంది. ఇదొక్కటే నాకు మింగుడు పడదు. పోయిన వారం నా రొట్టె అంచులు విరిగిపోతుంటే చూడలేక, "జరుగమ్మాయ్, పిండి వేడినీళ్ళతో కలపాల" అని పీట మీద కూర్చుంది. నలభై ఏళ్ళుగా చెయ్యని చేతులు, అయినా రొట్టె చంద్రుడిలా గుండ్రంగా వచ్చింది. పొయ్యి మీద పొంగింది. వేడిగా తుంచి గోంగూర పెట్టి, "ఒక్క ముక్క తినండి అత్తయ్యా" అని చేతికివ్వబోయాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు తిను. నీకు కావాలంటే రోజూ చేసిపెడతా. నేను తినాల్సింది నా చిన్నప్పుడే తినేశా" అని, తన కంచంలో అన్నం పెట్టుకుని నా పక్కన కూర్చుంది.