అడిగిన ఊరికే బస్సొచ్చింది

పండుగ పూట రాజకీయం మాట్లాడొద్దంటరా? అట్లయితే మీ తాత నోరు కుట్టుకొని కూసోవాలె. ఇంకో నాలుగు కందికట్టెలు వెయ్యి బిడ్డా మంటల, చలి ఈసారి గట్టిగనే ఉన్నది. అటు దిక్కు కూసున్నోళ్లు కొంచెం దగ్గరికి జరుగుండ్రి. సినిమా ముచ్చట్లు మీకు ఫోన్లనే దొరుకుతయి, ఇవి దొరకయి.

నేను చదివింది హెచ్చెస్సీ దాకానే. మిగిలిందంతా ఆర్టీసీ బస్సుల చదువుకున్న. నల్లగొండ జిల్లాల నేను ఎక్కని రూటు లేదు. దేవరకొండ, మునుగోడు, నకిరేకల్, హాలియా... ఏ ఊర్ల ఏ పంట వండింది, ఎవరింట్ల పెండ్లి, ఏ పార్టీ గాలి వీస్తున్నది, అన్నీ టికెట్ కొట్టుకుంటనే తెలిసేది. పేపరోళ్లకు తెలిసేకంటె ముందు కండక్టర్‌కు తెలుస్తుండె.

ఆర్టీసీ అంటె ఇయ్యాలటిది కాదు. 1932ల నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతోని మొదలువెట్టిన్రు. 1958ల ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. నేను డ్యూటీల చేరేనాటికి ఇంకా చానా ఊర్లకు బస్సు మొఖమే తెల్వదు. ఆస్పత్రికి పోవాలంటె ఎడ్లబండి, కోర్టుకు పోవాలంటె కాలినడక. బస్సున్న ఊరికి పిల్లనిస్తరు, లేని ఊరికి ఇయ్యరు, అట్లుండె లెక్క.

ఇప్పుడు మిషన్ల వేలు నొక్కితే టికెట్ వస్తది. అప్పుడు ఒక్కో రేటుకు ఒక్కో కట్ట, అన్నీ ట్రేల పేర్చుకొని చంకల పెట్టుకోవాలె. చించాలె, స్టేజీ నంబరు కాడ పంచి కొట్టాలె, పైసలు తీసుకోవాలె, చిల్లర లేకుంటె టికెట్ ఎనక రాసియ్యాలె. స్టేజీ వచ్చినప్పుడల్లా ఎస్‌ఆర్ అనే లెక్క కాయితం రాయాలె, ఏ నంబరు దాకా అమ్మిన అని. బస్సేమో గుంతలల్ల ఎగురుతుంటది, పెన్నేమో కాయితం మీద నిలవదు. మధ్యల చెకింగోళ్లు ఎక్కితె, టికెట్‌కూ ఎస్‌ఆర్‌కూ లెక్క కలవాలె. కలవకపోతె కొలువుకే ఎసరు. ఇగ ఆఫ్ టికెట్ పంచాయితీ వేరే. మీసాలొచ్చే పిల్లగాణ్ని ఒడిల కూసోబెట్టుకొని "వీడికి అయిదేండ్లు నిండలే సారూ" అనేటోళ్లు. ఆ పిల్లగాడేమో "కాదమ్మా, నేను ఆరో తరగతి" అని నిజం చెప్పి తల్లితోని తన్నులు తినేటోడు.

నైట్ హాల్ట్ బస్సుంటె ఆ ఊరికి మేం చుట్టాలమే. రాత్రి చేరేసరికి ఎవరో ఒకరు జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకొచ్చేటోళ్లు. డ్రైవరన్న, నేను బస్సులనే పండుకునేది. తెల్లారేసరికి కిటికీ కొట్టి ఒకామె మందు చీటీ ఇస్తది, నల్లగొండల తెమ్మని. ఒకాయన పెండ్లి పత్రికల కట్ట ఇస్తడు, రెండూర్ల అవుతల దింపమని. జీతంల ఈ పనులు లేకుండె, కాని చెయ్యనంటె మనసొప్పుతదా?

ఇగ అసలు ముచ్చటకొస్త. నా రూట్లనే పక్క పక్కన రెండూర్లుండె. పేర్లు చెప్తె ఇప్పటికీ కొట్లాడుకుంటరు, అందుకే చెప్ప. రెండింటికీ బస్సు లేదు. ఒక ఊరోళ్లు ఎమ్మెల్యే వచ్చినప్పుడల్లా దండలేసిన్రు, డప్పులు కొట్టిన్రు, ఆయన "చూద్దం" అన్నడు, పోయిండు. ఇంకో ఊరోళ్లు దండలేసుడు తక్కువ, తిరుగుడు ఎక్కువ. డిపోకు దరఖాస్తు పట్టుకొని వచ్చిన్రు. "రోడ్డు బాగలేదు, బస్సు మలుపుకునే జాగలేదు" అన్నరు డిపోవాళ్లు. వాళ్లు ఊరికి పోయి బండ్లు కట్టి మొరం తోలిన్రు. చెరువుకట్ట కాడ బస్సు తిరిగేటంత జాగ చదును చేసిన్రు. మళ్ల వచ్చి "ఇప్పుడు చెప్పుండ్రి సారూ" అన్నరు. ఇంకేం చెప్తరు? బస్సు వెయ్యక తప్పలేదు.

మొదటి ట్రిప్పుకు నేనే కండక్టర్‌ను. బస్సుకు బొట్టు పెట్టిన్రు, టైరు కింద నిమ్మకాయ పెట్టిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు. ఊర్ల ఉన్న ముసలోళ్లందరు ఎక్కి కూసున్నరు. ఎక్కడికి పోతరంటె "ఏడికి లేదు, అట్ల పోయొస్తం" అన్నరు. రానుపోను టికెట్లు కొట్టించుకున్నరు! దండలేసిన ఊరోళ్లు మాత్రం ఏండ్ల దాకా ఆ ఊరి దాకా నడిచొచ్చే బస్సెక్కిన్రు.

ఓట్ల సంగతి మా నాయిన చెప్పేటోడు. 1952ల మొదటిసారి ఓట్లు పడ్డప్పుడు తర్వాతి లెక్క కాయితం మీద ముద్ర గుద్దుడు కాదు. నిలబడ్డ ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు. ఓటు కాయితం తీస్కపోయి ఇష్టమున్న పెట్టెల వేసుడే. రజాకార్ల బాధలు పడి, మిలిటరీని చూసి బెదిరిన జనం, బండ్లు కట్టుకొని పోయి ఓటేసిన్రట. మన నల్లగొండల రావి నారాయణరెడ్డికి పడ్డ ఓట్లు దేశంల నెహ్రూకు గూడ పడలే. ఆ మాట చెప్పేటప్పుడు మా నాయిన మీసం మీద చెయ్యి పోయేది.

నేను కండ్లార చూసింది 1983. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టిండు, పాత చెవ్రొలే బండిని రథం చేసుకొని తిరిగిండు, తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి కుర్చీల కూసున్నడు. పెద్ద పెద్దోళ్లు "సినిమాలాయనకు ఓట్లేస్తరా" అన్నరు. నా బస్సుల ఆడోళ్ల మాటలు ఇన్న నేను మాత్రం ఫలితం ముందే చెప్పిన. తర్వాత కిలో రెండు రూపాల బియ్యం వచ్చినయి. 1984 ఆగస్టుల ఆయన్ను దించితె జనం రోడ్ల మీదికొచ్చిన్రు, నెల తిరిగేసరికి మళ్ల ఆయనే.

అన్నిట్ల పెద్ద మార్పు మాత్రం 1984 జనవరిల అయింది, పటేల్ పట్వారీ కొలువులు రద్దయినయి. ఇది మీకు చెప్తె అర్థం కాదు. అప్పటిదాకా పట్వారి బస్సెక్కితె ముందు సీట్ల కూసున్న రైతు దిగ్గున లేచేటోడు. పక్కన జాగ ఉన్నా లేచేటోడు. భూమి కాయితమంతా ఆయన చేతుల ఉండె మరి. పహాణీల ఒక్క గీత అటిటు గీస్తె ఎకరం పోతది. రద్దయిన కొన్ని దినాలకు అట్లనే పాత పట్వారి ఒకాయన ఎక్కిండు. ముందు సీట్ల ఒక గొల్లాయన కూసున్నడు, భుజం మీద గొంగడి. ఈయన వచ్చి నిలవడ్డడు. గొల్లాయన కిటికీ దిక్కు చూసిండు గాని లేవలే. బస్సు మొత్తం సప్పుడు చెయ్యకుంట చూస్తున్నది. నేను ఎనక పోయి "ఇక్కడ సీటున్నది సార్" అన్న. పట్వారి వచ్చి ఎనక కూసున్నడు. నేను రైట్ చెప్పిన, బస్సు కదిలింది. సర్కారు జీవో ఎట్లుంటదో నేను చూడలే, దాని పని మాత్రం ఆ దినం చూసిన. ఎనక ఏడాది మండలాలు వచ్చినయి, తాలూకా కచేరికి పొద్దంతా పోయే ప్రయాణం పూటకు తగ్గింది.

నీళ్ల ముచ్చట చెప్పకుంటె నల్లగొండ ముచ్చటే కాదు. మునుగోడు, మర్రిగూడ దిక్కు రాతిపొరల ఫ్లోరిన్ బోరు నీళ్లల్ల కలిసి వస్తది. ఆ నీళ్లు తాగి తాగి పిల్లలకు పండ్ల మీద గార, పెద్దలకు నడుం వంగుడు, కీళ్లు బిగుసుకపోవుడు. నా బస్సు ఎక్కే ఒకాయనకు మోచెయ్యి చాపరాకుండె. ఫుట్‌బోర్డు మీదికి నేను రెక్క పట్టి గుంజాలె. టికెట్ పైసలు అంగీ జేబుల ఉండేటియి, ఆయన చెయ్యి అందుల దాకా పోదు. "నువ్వే తీసుకో కొడకా, మిగిలింది అండ్లనే వెయ్యి" అనేటోడు. ఆ జేబుల చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు పాణం తరుక్కుపోయేది. ఆయన వయసు నాకంటె ఏం పెద్దగ లేదు.

ఎంతమంది మంత్రులు వచ్చిపోయినా నీళ్లు రాలే. అప్పుడు జనం ఇంకో తొవ్వ పట్టిన్రు. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల జల సాధన సమితి పిలుపు మీద వందలమంది పోయి నామినేషన్లు వేసిన్రు. బరిల మిగిలినోళ్లు 480 మంది! బ్యాలెట్ పేపర్ పేపర్ లెక్క లేదు, పుస్తకం అయింది. పోలింగే వాయిదా వెయ్యాల్సి వచ్చింది. నేను ఓటెయ్యపోతె గుర్తు దొరకక పేజీలు తిప్పుడే తిప్పుడు. నా ఎనక లైన్ల ఉన్న ముసలామె "ఏందయ్యా, చదువుకుంటున్నవా?" అన్నది. గెలిచింది సీపీఐ ధర్మభిక్షం. మిగిలినోళ్లు గెలుద్దమని నిలవడలేదు, ఢిల్లీకి ఇనబడాలని నిలవడ్డరు. ఇనబడ్డది గూడ. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి పది వేలకు పెంచిన్రు, ఇట్ల మందల మందిగ నిలవడకుంట! మొదటి జవాబు అది. నీళ్లు తర్వాత మెల్లగ వచ్చినయి, కృష్ణ నీళ్లు పైపులల్ల. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ఇంటి ముంగట ఉన్నది. వంగిన నడుములు మాత్రం ఏ నల్లాకూ నిటారు కావు. 2019ల నిజామాబాద్ పసుపు రైతులు గూడ బోర్డు కావాలని ఇదే తొవ్వ పట్టిన్రు. పార్టీలోళ్లతోని కలిపి 185 మంది నిలవడితె ఒక్కో బూత్‌ల పన్నెండు మిషన్లు పెట్టాల్సొచ్చింది. 2025ల పసుపు బోర్డు ఆఫీసు నిజామాబాద్‌లనే తెరిచిన్రు.

ఇగ ఇప్పటి సంగతి. రిటైరయినంక నేను బస్సుల ఊకె కూసొని పోవుడు నేర్చుకున్న. చేతులు మాత్రం ట్రే కోసం దేవులాడుతయి. ఆడోళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి టికెట్ పైసలు లేవు. కొందరు నసుగుతరు, "ఊకె తిరుగుతున్నరు" అని. తిరగనీయిరా! చీర కొంగు ముడి విప్పి, చిల్లర మూడుసార్లు లెక్కపెట్టి, రూపాయి తక్కువైతె మధ్యల దిగి నడిచి పోయిన తల్లులను నేను చూసిన. వాళ్ల బిడ్డలు ఇప్పుడు కాలేజీకి పోతున్నరు. కాకపోతె ఒక్క మాట, టికెట్ పైసలు తీసేసినోళ్లు బస్సులు గూడ పెంచాలె. ముసలోణ్ని, రాడ్ పట్టుకొని వేలాడుకుంట పోవుడు నాతోని అయితలేదు.

మొన్న మీ నాయనమ్మను తీసుకొని నారాయణాద్రిల తిరుపతి పోయొచ్చిన. నల్లగొండ మీదికెళ్లే పోతది ఆ బండి. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా పక్కాయన నాతోని ఒక్క మాట మాట్లాడలే. చెవులల్ల అవేవో పెట్టుకొని ఫోన్ల కోపంగ ఎవరినో తిట్టే వీడియో చూస్తున్నడు. మా రోజులల్ల బస్సుల కాంగ్రెసాయన, కమ్యూనిస్టాయన ఒకే సీట్ల కూసొని గొంతులు పోయేదాకా కొట్లాడి, దిగినంక ఒకే హోటల్ల చాయ తాగేటోళ్లు. ఇప్పుడు ఎవని ఫోన్ల వాడు వాని పార్టీ మాటలే ఇంటడు. ఎదుటోడు ఏమంటున్నడో తెల్వదు, కోపం మాత్రం నిండుగ ఉన్నది.

ఫోన్‌ను తప్పు పడుతలేను. బతికున్న అని ఏడాదికోసారి పింఛన్‌కు వేలుముద్ర పెట్టాలె. టికెట్లు చించి చించి నా బొటనవేలు నున్నగయింది. మిషన్ మీద పెడితె ఎర్రలైటే. తుడువు తాతా, గట్టిగ అదుము తాతా, రేపు రా తాతా... మూడు దిక్కుల తిప్పిన్రు. ఆఖరికి మీ అక్క ఇంట్ల కూసొని ఫోన్ల నా మొఖం చూపెడితె అయిపోయింది పని. కనురెప్ప కొట్టమన్నది, కొట్టిన. బతికున్నట్టే అని తేలింది.

ఇంతకు ఎందుకు చెప్తున్న ఇదంత? రాజకీయమంటె మీటింగుకు పోవుడు, బిర్యానీ పొట్లం, జెండా, ఎవడు గెలుస్తడని పందెం, ఇదే అనుకుంటున్నరు మీరు. మొన్న సర్పంచ్ ఎన్నికలల్ల మన వాడకట్టుల రెండు వర్గాలై మాటలు బందువెట్టుకున్నరు. గెలిచినాయన దగ్గరికి పోయి "ఊరికి ఏం చేస్తవు" అని అడిగినోడు ఒక్కడు లేడు. నేను చూసినంతల ఏ పార్టీ ఉన్నా అడగని ఊరికి ఏదీ నడిచి రాలే. బస్సు గాని, నీళ్లు గాని, పట్వారి కాడ పోయిన పరువు గాని.

మన ఊరి తెల్లారగట్ల ట్రిప్పు బందై ఎన్ని నెలలయింది? కాలేజీ పిల్లలు ఆటోల వేలాడుకుంట పోతున్నరు గద! పండుగ అయినంక మీరందరు కలిసి దరఖాస్తు రాయుండ్రి. గ్రామసభల చదువుండ్రి, నకలు డిపోల ఇయ్యుండ్రి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకొని రాండ్రి. మొదటి సంతకం నేను పెడత. నా బొటనవేలు పని చెయ్యదు గాని, చెయ్యి ఇంకా మంచిగనే రాస్తది.