మైక్రోకంట్రోలరుతో డిజిటల్ ఆడియో ప్లేయరు

మైక్రోకంట్రోలరుతో నిర్మించు డిజిటల్ ఆడియో ప్లేయరు అనగా మెమరీ కార్డులో అంకెల రూపములో భద్రపరచిన ధ్వనిని చదివి, తిరిగి వినిపించు చిన్న ఎలక్ట్రానిక్ సాధనము. ఇందులో ప్రధానమైన సమస్య సమయపాలన. ధ్వని నమూనాలు ఆగకుండా సమాన వ్యవధిలో వెలువడవలెను. కార్డులోని సమాచారము మాత్రము విడతలుగా వచ్చును. ఈ రెంటికిని పొంతన కుదిరినప్పుడే పాట తెగకుండా వినిపించును.

కావలసిన భాగములు

8 బిట్ల మైక్రోకంట్రోలరైన ఏటీమెగా328పి ఈ పనికి చాలును. 2010లో విడుదలైన ఆర్డుయినో ఊనో బోర్డులో ఉన్నది ఈ చిప్పే. దీనిలో 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ, 2 కిలోబైట్ల ర్యామ్ కలవు. దీనితో పాటు ఎస్‌డీ కార్డు, ఎల్ఎం386 వంటి ఆంప్లిఫయరు చిప్పు, స్పీకరు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు కావలెను.

ధ్వని ఫైలు

ధ్వనిని కుదించకుండా దాచు వేవ్ ఫైలు దీనికి అనువైనది. ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు 1991లో ప్రవేశపెట్టినవి. సెకనుకు 22,050 నమూనాలు, నమూనాకు 8 బిట్లు, ఒకే చానెలు చొప్పున తీసుకొనినచో నిమిషము పాటకు 13,23,000 బైట్లు పట్టును. ఈ లెక్కన 1 గిగాబైటు కార్డులో 12 గంటలకు పైగా ధ్వని ఇముడును. సాధారణముగా ఫైలు మొదటి 44 బైట్లలో నమూనాల వేగము మొదలైన వివరములు ఉండును. ఈ వేగమును గమనించక, 44,100 నమూనాల ఫైలును 22,050 వేగముతో నడిపినచో పాట సగము వేగముతో, ఒక స్థాయి క్రింది శ్రుతిలో వినిపించును.

రెండు బఫర్ల పద్ధతి

చిప్పులోని ర్యామ్ అంతయు నింపినను సెకనులో పదవ వంతు పాట కూడ పట్టదు. కార్డు సమాచారమును 512 బైట్ల విడతలుగా ఇచ్చును. కనుక 512 బైట్ల బఫర్లు రెండు ఏర్పరచెదరు. ఒక బిందె నీరు వాడుచుండగా రెండవ బిందె నింపుకొనునట్లు, ఒక బఫరు ధ్వనిగా మారుచుండగా రెండవది కార్డు నుండి నిండును. ఒక్కొక్క బఫరు సుమారు 23 మిల్లీసెకన్లు వచ్చును. ఆ గడువులోగా రెండవది నిండనిచో ధ్వని తెగి, టిక్కుమను శబ్దము వచ్చును. ఫైలు కార్డులో ముక్కలుగా చెదరి ఉన్నచో తరువాతి ముక్కను వెదకుటకు అదనపు సమయము పట్టును. కనుక ఖాళీ చేసిన కార్డులోనికి ఫైళ్ళను వరుసగా ఎక్కించుట మేలు.

అంకె ధ్వనిగా మారు విధము

టైమరు ప్రతి 45 మైక్రోసెకన్లకు సుమారు ఒకసారి ప్రోగ్రామును ఆపి, తరువాతి నమూనాను అందించును. చిప్పు పిన్ను 0 లేక 5 వోల్టులను మాత్రమే ఇవ్వగలదు. అందుచేత పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అను పద్ధతిలో దానిని సెకనుకు 62,500 సార్లు వెలిగించి ఆర్పెదరు. నమూనా విలువ పెద్దదైన కొలది వెలిగి ఉండు కాలము పెరుగును. 62,500 హెర్ట్జులు మానవుని వినికిడికి అందవు. 1.5 కిలోఓముల రెసిస్టరు, 10 నానోఫారడ్ల కెపాసిటరు గల ఫిల్టరు ఆ స్పందనలను చాలవరకు అణచి, ధ్వని తరంగమును మిగుల్చును.

జాగ్రత్తలు

* ఎస్‌డీ కార్డు 3.3 వోల్టులతో పనిచేయును. చిప్పు 5 వోల్టులతో నడుచునప్పుడు, కార్డుకు పోవు సంకేతములను రెసిస్టర్లతో తగ్గించవలెను.
* 8 ఓముల స్పీకరును పిన్నుకు నేరుగా కలుపరాదు. 5 వోల్టుల వద్ద అది 600 మిల్లీయాంపియర్లకు పైగా కోరును. పిన్ను తట్టుకొను గరిష్ఠ పరిమితి 40 మాత్రమే.

ఎంపీ3 ఫైళ్ళు

ఎంపీ3 ఫైలును విప్పుటకు 2 కిలోబైట్ల ర్యామ్ చాలదు. అట్టి ప్లేయరులో వీఎస్1003 వంటి ప్రత్యేక డీకోడరు చిప్పును చేర్చెదరు. అప్పుడు మైక్రోకంట్రోలరు కార్డులోని బైట్లను దానికి అందించిన చాలును. ఈఎస్‌పీ32 వంటి 32 బిట్ల చిప్పులు ఈ పనిని ప్రోగ్రాముతోనే చేయగలవు. అక్కడ కూడ బఫరు ఖాళీ కాకుండ చూచుకొనుట తప్పనిసరి.