రేవులోని ఓడ – రాజ్యాధికారము

1916వ సంవత్సరము జూలై 30వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలు దాటిన కొలది నిమిషములకు న్యూయార్కు రేవు చుట్టుపట్లనున్న జనులందరు పడకలపై ఉలికిపడి లేచిరి. ఆ రేవునకు ఆవలి ఒడ్డున, జెర్సీ నగరమును ఆనుకొని, బ్లాక్ టామ్ అను సరకుల దిగుమతి స్థలము ఒకటి యుండెను. యూరపుఖండమున పోరాడుచుండిన మిత్రరాజ్యములకు పంపవలసిన మందుగుండు సామగ్రి దాదాపు 20 లక్షల పౌనులు ఆ రాత్రి అచట రైలు పెట్టెలలోను, సరకు పడవలలోను నిలువయుండెను. అదంతయు ప్రేలిపోయెను. నగరమున వేలకొలది కిటికీల అద్దములు పగిలి వీధులలో రాలినవి. చేరువనున్న స్వాతంత్ర్య దేవతా విగ్రహమునకు ఇనుప తునుకలు తగిలినవి. ఆ విగ్రహము చేతిలోని కాగడా వరకు సందర్శకులను ఎక్కనిచ్చుట నాటితో ఆగిపోయినది.

ఇది జర్మను గూఢచారుల పని యని తేల్చుటకు 1939 వరకు పట్టినది. ఆ కథ చాల పెద్దది. దానిని ఇచట విడిచిపెట్టుదము. మనకు కావలసినది ఒక పడవ సంగతి. జాన్సన్ 17 అను సరకు పడవ, లక్ష పౌనుల పేలుడు పదార్థముతో నిండినది, ఆ మందుగుండు రాసుల ప్రక్కనే కట్టివేయబడి యుండెను. 25 డాలర్ల రుసుము తప్పించుకొనుటకై దాని యజమానులు దానిని అచట ఉంచిరని చెప్పుదురు. ఓడలు ఎచట లంగరు వేయవలయునో నిర్ణయించు నిబంధనలు అమెరికాలో అంతకుముందే కలవు. కాని అవి రాకపోకల సౌకర్యము కొరకు ఏర్పడినవే గాని, శత్రువు చేతినుండి రేవును కాపాడుటకు ఏర్పడినవి కావు.

మరుసటి యేడు అమెరికా యుద్ధమున ప్రవేశించెను. 1917 జూన్ 15న గూఢచర్య నిరోధక చట్టము ఆమోదింపబడెను. ఈ చట్టము పేరు వినగానే పత్రికల నోరు కట్టివేయుట, యుద్ధ వ్యతిరేకులను చెరసాలకు పంపుట మనకు స్మరణకు వచ్చును. కాని దాని రెండవ భాగము ఓడలకు సంబంధించినది. దేశాధ్యక్షుడు అత్యయిక పరిస్థితి యేర్పడినదని ప్రకటించినచో, అమెరికా జలములలోని యే ఓడనైనను, స్వదేశీయమైనను విదేశీయమైనను, ఎచట నిలువవలయునో, ఎప్పుడు కదలవలయునో ప్రభుత్వము శాసింపవచ్చును. దానిని సోదా చేయవచ్చును. దానిపై కాపలా పెట్టవచ్చును. అవసరమైనచో పూర్తిగా స్వాధీనము చేసికొనవచ్చును. అత్యయిక పరిస్థితికి కారణములుగా యుద్ధము, తిరుగుబాటు, దండయాత్ర అనువానిని పేర్కొని, వాని వెనుక మరియొక మాటను చేర్చిరి: అంతర్జాతీయ సంబంధములకు కలిగిన భంగము, లేక కలుగబోవు భంగము.

చట్టము వ్రాసినవారు ఈ కడపటి మాట నెంత దూరము ఊహించి వ్రాసిరో గాని, తరువాతి చరిత్రయంతయు దానిమీదనే నడచినది. యుద్ధము వచ్చినదో లేదో అందరు చూచి చెప్పగలరు. సంబంధములకు భంగము కలుగబోవుచున్నదని చెప్పవలసినవాడు మాత్రము ఒక్కడే; ఆ చెప్పువాడే ఆ అధికారమును చేపట్టువాడు.

మొదటి పరీక్షలో ఆ అధికారము మేలే చేసినది. 1917 డిసెంబరు 6న కెనడా దేశపు హాలిఫాక్సు రేవులో మోంబ్లా అను ఫ్రెంచి మందుగుండు ఓడ మరియొక ఓడను ఢీకొని ప్రేలగా 1,700 మందికి పైగా మరణించిరి. ఇందులో శత్రువు పాత్ర యేమియు లేదు. ఇట్టిది న్యూయార్కులో జరిగినచో ఏమి కావలసియుండెనో ఊహింప నక్కరలేదు. అచట తీర రక్షక దళమునకు చెందిన అధికారి యొకనికి రేవు కెప్టెను అను హోదా నిచ్చి, పేలుడు సామగ్రి ఎక్కించు ప్రతి ఓడను ఆతని కనుసన్నలలో ఉంచిరి. ఈ రేవు కెప్టెను పదవిని శ్రోతలు గుర్తుంచుకొనవలయును. మరల మనకు ఆతడు ఎదురగును.

1940 జూన్ 27న అధ్యక్షుడు రూజువెల్టు ఈ పాత చట్టమును మరల మేలుకొలిపెను. అప్పటికి అమెరికా ఏ యుద్ధములోను లేదు. సంబంధముల భంగమను మాటయే ఆధారము. 1941 మార్చి 30న అమెరికా రేవులలో నిలిచియున్న 28 ఇటలీ ఓడలను, రెండు జర్మను ఓడలను, 35 డెన్మార్కు ఓడలను తీర రక్షక దళము స్వాధీనము చేసికొనెను. ఇటలీ నావికులు తమ ఓడల యంత్రములను తామే విరుగగొట్టుచుండిరి గనుక వారి సంగతి అర్థము చేసికొనవచ్చును. డెన్మార్కు నావికుల దురదృష్టము వేరు. వారి దేశము 1940 ఏప్రిలులో జర్మనీ పాలైనది. వారు ఇంటికి పోలేరు, రేవు విడువలేరు. ఇప్పుడు ఓడయు చేజారిపోయినది. తరువాత ఆ జూను నెలలో పరిహారము చెల్లించి విదేశీ ఓడలను వాడుకొనుటకు వేరొక చట్టము చేసిరి. ముందు చేత పట్టి, పిదప హక్కును కల్పించుకొనుట ప్రభుత్వములకు కొత్తగాదు.

1950 జూను నెలలో కొరియా యుద్ధము ప్రారంభమైనది. ఆ ఆగస్టులో సెనేటరు మాగ్నుసను పేరున చేసిన సవరణతో ఈ అధికారము ఓడల నుండి మనుష్యులమీదికి ప్రాకెను. అక్టోబరులో అధ్యక్షుడు ట్రూమను జారీచేసిన ఉత్తరువు ప్రకారము, ఓడలో పనిచేయవలెనన్నను, రేవులో మూట మోయవలెనన్నను ముందుగా తీర రక్షక దళపు విచారణలో నెగ్గవలయును. విశ్వసనీయుడు కాడని తేలినవానికి పత్రము లేదు, పత్రము లేనివానికి పని లేదు. ఎవడు తనపై చెప్పినాడో, ఏమి చెప్పినాడో ఆ నావికునకు తెలియదు. కనబడని ఫిర్యాదుదారునకు ఏమని సమాధానము చెప్పగలడు? సముద్రము తప్ప వేరు జీవనోపాధి యెరుగని ఆ నావికులలో కొందరు కోర్టుకెక్కిరి. 1955లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని అప్పీలు న్యాయస్థానము, సాక్ష్యమును దాచి ఉపాధి తీసివేయుట న్యాయవిధానమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. వారికి ఆ తీర్పు వచ్చుసరికి ఐదేండ్లు కావచ్చినవి.

ఇక కడపటి ఘట్టము ఫ్లోరిడా తీరమున జరిగినది. అచటినుండి క్యూబా సుమారు 90 మైళ్లు. 1980లో క్యూబా ప్రభుత్వము మారియెల్ రేవును తెరువగా, ఫ్లోరిడాలోని క్యూబా జాతీయులు దొరికిన పడవనెల్ల తీసికొని బంధువుల కొరకు పోయిరి. కొలది నెలలలో 1,25,000 మంది అమెరికా చేరిరి. ఆ జ్ఞాపకము అధికారులను విడువలేదు. 1996 ఫిబ్రవరి 24న, ప్రవాస క్యూబనుల సంస్థ యొకదానికి చెందిన రెండు చిన్న విమానములను క్యూబా యుద్ధవిమానములు కూల్చివేయగా నలుగురు మరణించిరి. వారి స్మరణార్థము పడవలపై ఆ స్థలమునకు పోవుటకు ప్రవాసులు సిద్ధపడిరి. మార్చి 1న అధ్యక్షుడు క్లింటను 1917 నాటి చట్టము ననుసరించి అత్యయిక పరిస్థితిని ప్రకటించెను. 50 మీటర్లకు తక్కువైన, వ్యాపారమునకు చెందని ప్రైవేటు పడవ క్యూబా జలములలో ప్రవేశింపదలచి ఫ్లోరిడా విడువవలెనన్నచో రేవు కెప్టెను అనుమతి పొందవలయును. తప్పినచో పడవ జప్తు. పదివేల డాలర్ల వరకు జుల్మానా, పదేండ్ల వరకు కారాగారము.

కూలినవి విమానములు, కట్టుబాటు పడినది పడవలకు. ఇది విచిత్రముగా తోచినను, మరియొక మారు రక్తపాతము జరుగకుండుటకు ఆ నాటికి అది అవసరమేయని నా అభిప్రాయము. కాని 2004లో అధ్యక్షుడు బుష్షు, క్యూబా ప్రభుత్వమునకు డబ్బు, సరకులు అందకుండుట అను మరియొక ఉద్దేశమును దానికి జోడించెను. రేవును కాపాడు చట్టము వ్యాపార నిషేధమునకు కాపలాదారైనది. 2015లో ఉభయ దేశముల దౌత్య సంబంధములు పునరుద్ధరింపబడినవి. సంబంధములకు భంగమన్న మాట ఇక చెల్లదని అనుకొందుము. 2016లో అధ్యక్షుడు ఒబామా ప్రకటనలోని కారణములను సవరించి, జనులు పెద్దయెత్తున పడవలలో వలస వచ్చునను భయమును ముందుంచి, అత్యయిక పరిస్థితిని అట్లే కొనసాగించెను. 2018లో అధ్యక్షుడు ట్రంపు ఆ కారణములను మరల సవరించెను.

1976 నాటి మరియొక చట్టము ప్రకారము ఇట్టి ప్రకటన ఏడాది గడచినచో తనంతట తానే రద్దగును. అధ్యక్షుడు నోటీసు ప్రచురించినచో మాత్రము నిలుచును. క్లింటను తరువాత ఆ పదవికి వచ్చిన బుష్షు, ఒబామా, ట్రంపు, బైడెను నలుగురును, ఫిబ్రవరి నెల వచ్చినప్పుడు ఆ నోటీసుపై సంతకము చేసినవారే.