మందుపాతర: మాట, ఆయుధం, చట్టం

‘పాతర’ అంటే ధాన్యం నిల్వకు నేలలో తవ్వే గొయ్యి. గింజలకు బదులు పేలుడు మందును పూడ్చడంతో అది ‘మందుపాతర’ అయింది. చేతిబాంబుకు ఫ్రెంచివారు దానిమ్మ పేరు పెట్టారు. అమెరికా సైన్యపు క్లేమోర్ మైనుకు స్కాట్లండు ఖడ్గం పేరు వచ్చింది. చేతిబాంబు విసిరేవాడు దగ్గరలోనే ఉండాలి. మందుపాతర పెట్టినవాడికి ఆ అవసరం లేదు.

ఈ ఆయుధం తెలుగునాట రాజకీయ చరిత్రలోనూ చేరింది. 2000 మార్చి 7న హైదరాబాదు శివారు ఘట్‌కేసర్ వద్ద పీపుల్స్‌వార్ మందుపాతరకు మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి బలయ్యారు. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి వద్ద క్లేమోర్ మైన్లు పేలగా, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గాయాలతో బయటపడ్డారు.

1997 నాటి ఒట్టావా ఒప్పందం మనిషి తాకినా, సమీపించినా తనంతట పేలే మైన్లను నిషేధించింది. దూరం నుండి మనిషే పేల్చేవి దాని పరిధిలోకి రావు. అలిపిరిలో పేలినవి ఈ రెండవ రకానివే. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు. చేరి ఉన్నా అలిపిరి మైన్లకు అది వర్తించేది కాదు. పేలే క్షణాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నదే చట్టం గీసిన గీత. దారిన పోయేవారికి మాత్రం ఆ గీత కనిపించదు.