శ్రీహరికోట: రాకెట్టుకు ముందు

శ్రీహరికోట అనగానే శ్రోతలకు రాకెట్టు తలపునకు రావడం సహజం. కాని రాకెట్టు ఆ దీవికి వచ్చినది నిన్నమొన్న. అంతకు పూర్వం అక్కడ ఉన్నవి అడవి, ఆ అడవిని ఆకు ఆకునా ఎరిగిన యానాదులు. వారి ఊసు ఎత్తకుండా దీవి చరిత్ర చెప్పడం మాకు న్యాయంగా తోచలేదు.

పడమట పులికాటు సరస్సు, తూర్పున బంగాళాఖాతం. ఆ సరస్సునే ప్రళయకావేరి అని కూడా అంటారు. రెంటి నడుమ సముద్రం తానే తెచ్చి పోసిన ఇసుకమేట ఈ దీవి. ఇసుకలో అడవి ఎట్లా పెరిగినదని ఎవరికైనా సందేహం కలుగుతుంది. ఈశాన్య రుతుపవనం కురిపించిన వాన ఇసుకలోనికి ఇంకుతుంది. మంచినీరు ఉప్పునీటికన్న తేలిక గనుక దానిపై పొరగా నిలుస్తుంది. ఆ నీటి ఆధారంతో పాల, నేరేడు, అల్లి, ముష్టి చెట్లు బ్రతికినవి. ఇది ఆకాశాన్నంటే అడవి కాదు. ముదురాకులతో నడివేసవిలోనూ పచ్చగా ఉండే పొట్టి అడవి. ఒకప్పుడు కోరమండలం తీరం పొడవునా వ్యాపించిన ఈ తరహా అడవి నేడు తునకలుగా మిగిలినది. ఆ తునకలలో శ్రీహరికోట పెద్దది.

యానాదులు ఇక్కడ తేనె, కుంకుడుకాయ, ముష్టిగింజలు, చింతపండు సేకరించేవారు. అన్నిటికన్న మమ్ము ఆకర్షించినది చిరివేరు. బట్టలపై చెరగని ఎరుపును నిలిపిన అద్దకానికి ఆ వేరే ఆధారం. దేశాంతరాలకు ఓడలెక్కిన ఆ ఎరుపును అందరూ మెచ్చుకొన్నారు; వేరు త్రవ్విన చేతులను తలచినవారు అరుదు. 1835లో దీవి ప్రభుత్వ యాజమాన్యం క్రిందికి వచ్చినది. అప్పటినుండి యానాదులు అడవి సరుకును సర్కారుకు అప్పగించి, ప్రతిఫలంగా ధాన్యమూ బట్టలూ పుచ్చుకోవలసి వచ్చినది. తరువాత అడవి కట్టె, సరుగుడు కట్టె బకింగ్‌హాం కాలువ పడవలమీద మద్రాసు పొయ్యిలకు చేరినవి.

1969లో శాస్త్రజ్ఞులు ఈ దీవిని ఎన్నుకొన్నారు. తూర్పుదిక్కుగా ప్రయోగించిన రాకెట్టుకు భూభ్రమణ వేగం తోడవుతుంది. ముందంతా సముద్రమే గనుక శకలాలు పడినా ప్రమాదం లేదు. పైగా జనం తక్కువ. మొదటి రెండు కారణాలతో మాకు పేచీ లేదు. మూడవది చదివినప్పుడు మాత్రం, ఆ తక్కువ జనంలోనివారే గదా యానాదులు అనిపించినది. గ్రామాలను ఖాళీ చేయించినారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు లేచినది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 ఇక్కడినుండే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినది. ఆనాటి ఆనందం మనందరిదీ.

చిత్రమేమంటే, కావలి పెరిగి గొడ్డలి ఆగినందున, బయటి తీరాన నశించిన అడవి ఇక్కడ నిలిచినది. ఊళ్లవారు వెళ్లిపోగా వెనుక మిగిలిన పశువులు పొదలలోనికి చేరి, మందలుగా పెరిగి, మనిషి మచ్చిక మరచినవి.