చాంపియన్ రీఫ్స్‌లో లైన్ అంటే ఇల్లు

లైన్ అనే మాట మన నోట ఎప్పుడో తెలుగైపోయింది. టికెట్టుకు లైన్లో నిలబడతాం, ఫోన్ లైన్ కలవలేదంటాం, దారితప్పిన కుర్రాడు లైన్లో పడితే సంతోషిస్తాం. లాటిన్‌లో అవిసెనార నుంచి పుట్టి దారమై, గీతై, ఇంగ్లిషులో వరసకూ పేరైన మాట ఇది. కోలారు బంగారు గనుల ప్రాంతంలోని చాంపియన్ రీఫ్స్‌లో మాత్రం లైన్ అంటే కార్మికులు కాపురముండే చోటు.

ఆ అర్థం గనిలో పుట్టింది కాదు. దండు విడిసిన చోట సిపాయిలకు వరసగా వేసిన గుడిసెలను లైన్స్ అనేవారు. పోలీస్ లైన్స్ అలా వచ్చిందే. సిలోన్ తేయాకు తోటల్లో కూలీల గదులకూ ఆ పేరే పెట్టారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లో అడుగుపెట్టాక ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, తెలుగువాళ్లు పనికి తరలివచ్చారు. 1911లో జిల్లాగా విడిపోయేదాకా మన చిత్తూరు కూడా ఆ ఉత్తర ఆర్కాటులోదే.

వచ్చినవాళ్లకు దక్కినవి వరసగా వేసిన వెదురు తడికల గుడిసెలు. వాటినే లైన్లన్నారు. వంటా పడకా ఒక్కచోటే. తడిక అవతల దగ్గితే ఇవతల వినబడుతుంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ పట్టిన ఊళ్లో ఆ దగ్గుకు అర్థం అందరికీ తెలుసు. 1930లో వేలిముద్రల నమోదును ఎదిరించి కార్మికులు సమ్మెకట్టారు. ఇంత దగ్గరగా బతికినవాళ్లు ఒక్కమాట మీద నిలవడంలో ఆశ్చర్యమేముంది?

కంపెనీకి కావలసిన లైన్లు వేరే. 1894లో బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారుపేట, నుంచి గనుల దగ్గరి మారికుప్పానికి రైలు లైన్ పడింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి గనులదాకా 147 కిలోమీటర్ల కరెంటు లైన్ లాగారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. గని యంత్రాలకు అంతకంటే ముందే కరెంటు అందింది. మనుషుల ఇళ్ల విషయంలో ఆ తొందర కనబడదు.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అప్పటికి గనులను నడుపుతున్న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. జీతం ఆగినా చాలా కుటుంబాలు లైన్ ఇళ్లను వదల్లేదు. ఎక్కడికని పోతారు? మూడు నాలుగు తరాలు కాపురమున్న ఆ ఇళ్లను వాళ్ల పేరునే రాసివ్వాలి.