నాటకకర్త యాకోబు గార్డిన్

తన జాతిని సంస్కరింప బూనినవాడు ఎచ్చట నిలిచి మాటలాడవలెను? దూరముగా మిట్టపై నిలిచి లోపములను వ్రేలితో చూపవలెనా? లేక వారి నడుమ కూర్చుండి, వారి మాటలతోనే వారి కథను వారికి వినిపింపవలెనా? సంస్కరణాభిలాషులకు ఎప్పుడో యొకప్పుడు ఎదురగు ప్రశ్న యిది. ఈ రెండు మార్గములను ఒక్క జీవితముననే నడచి చూచినవా డొకడు గలడు. మొదటి మార్గమున అతడు ఓడిపోయెను. రెండవ మార్గము అతనికి కోరకయే, పరదేశమున, కుటుంబపోషణకై చేపట్టిన పనిలో దొరకెను. అతడే రష్యానుండి అమెరికాకు వలసపోయిన యూద నాటకకర్త యాకోబు గార్డిన్. అతని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుప దలచితిమి.

గార్డిన్ 1853 వ సంవత్సరమున ఉక్రెయినులోని మీర్గొరోద్ పట్టణమున జన్మించెను. ఆ కాలమున ఆ దేశమంతయు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అతడు పాఠశాలకు పోక ఇంటనే చదువుకొనెను. ఆ చదువులో యూదుల మతగ్రంథములతోపాటు రష్యా సాహిత్యమునకును చోటుండెను. యౌవనమున అతడు చేయని పని లేదు. కొంతకాలము సేద్యము చేసెను. ఓడరేవున కూలిపని చేసెను. దేశదిమ్మరులగు నటులతో తిరిగెను. పిదప ఉపాధ్యాయుడై, రష్యాభాషా పత్రికలకు వ్యాసములు వ్రాయుచు ఎలిసవెత్‌గ్రాద్ నగరమున స్థిరపడెను.

1880 ప్రాంతమున అతడచ్చట ఒక సమాజమును స్థాపించెను. దాని పేరు ఆధ్యాత్మిక బైబిలు సోదర సమాజము. బైబిలులోని నీతి బోధయే మతమునకు సారమనియు, తరువాతి కాలమున పెరిగిన ఆచార కర్మకలాపమును విడిచిపెట్టవలె ననియు, వడ్డీ వ్యాపారమును దళారి పనిని మాని చేతిపనిచే, ముఖ్యముగా సేద్యముచే, జీవింపవలె ననియు ఆ సమాజము బోధించెను. ఉద్దేశము ఉత్తమమైనదే. కాని చేరినవారు కొలదిమందియే.

ఇంతలో 1881 వ సంవత్సరము వచ్చెను. ఆ యేడు మార్చి నెలలో చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యకు గురియయ్యెను. ఆ నేరము యూదులదే యను వదంతి పుట్టెను. ఏప్రిలు నెలలో దొమ్మీలు మొదలయ్యెను. అవి మొట్టమొదట చెలరేగిన దెచ్చటనో కాదు, గార్డిన్ నివసించుచున్న ఎలిసవెత్‌గ్రాద్‌లోనే. ఇండ్లును అంగళ్లును దోపిడి యయ్యెను. ఆ సమయమున గార్డిన్ రష్యా పత్రికలో తన జాతివారి నుద్దేశించి ఒక బహిరంగ లేఖ ప్రకటించెను. మన ధనాశయు, వడ్డీ వ్యాపారమును, పానశాలలు నడపుటయు ఈ ద్వేషమునకు కారణములని అందు చాటెను.

ఈ లేఖను గూర్చి మేము మొగమోటము లేక చెప్పవలసియున్నది. ఇల్లు దోపిడి యగుచుండగా ఇంటివాని నడవడిని విమర్శించుట సంస్కరణము కాదు. దొమ్మీకి కారకులు దొమ్మీ చేసినవారే. దెబ్బతిన్నవారి యందు తప్పు వెదకుట న్యాయమును తలక్రిందులు చేయుట. అదియును ఆ బోధ బాధితుల భాషలో కాక, పాలకుల భాషలో వెలువడెను. జాతివారు అతనిని క్షమింపలేదు. ఆశ్చర్యమేమనగా, ప్రభుత్వమును అతనిని నమ్మలేదు. 1891 లో అతని సమాజము నిషేధింపబడెను. ఆ యేడే, తన ముప్పదియెనిమిదవ యేట, గార్డిన్ ఓడ యెక్కి న్యూయార్కు చేరెను.

అమెరికాలో భూమి సంపాదించి, యూదులచే సేద్యము చేయించి, ఒక ఆదర్శ గ్రామమును నిర్మింపవలె నని అతని తలంపు. అది నెరవేరలేదు. ఎదుట నున్నది పెద్ద కుటుంబము. రష్యాభాషలో ఎంత పాండిత్యమున్నను న్యూయార్కులో దానికి వెల లేదు. 1881 మొదలు 1914 వరకు తూర్పు ఐరోపానుండి సుమారు 20 లక్షల యూదులు అమెరికాకు వలసపోయిరి. వారిలో పెక్కుమంది ఆ నగరమున ఇరుకు గదులలో నివసించుచు, బట్టలు కుట్టు పనిశాలలలో ప్రొద్దుగూకువరకు శ్రమించుచుండిరి. వారు చదువు పత్రికలు వారి యింటి భాషయగు యిడ్డిష్‌లో నుండెను. మొదట ఆ పత్రికలకే వ్రాయుటకు గార్డిన్ కలము పట్టెను.

యిడ్డిష్ జర్మను భాషనుండి పుట్టి, హెబ్రూ పదములను స్లావు పదములను కలుపుకొని, హెబ్రూ లిపిలో వ్రాయబడు భాష. తల్లులు బిడ్డలను జోకొట్టినదియు, బజారున బేరమాడినదియు ఆ భాషలోనే. అయినను చదువుకొన్నవారు దానిని అపభ్రంశమని చులకన చేయుచుండిరి. గార్డిన్ యును అంతవరకు ఆ భాషలో రచన చేసినవాడు కాడు. భాషావాదములకు క్రొత్తవారు కాని మా చదువరులకు ఈ స్థితి సులభముగా బోధపడును.

ఆ భాషలో నాటకశాలయు అప్పటికి పసిబిడ్డయే. అబ్రహాము గోల్డ్‌ఫాడెన్ అను కవి 1876 లో రుమేనియాలోని యాసి నగరమున దానికి పునాది వేసెను. 1883 లో రష్యా ప్రభుత్వము యిడ్డిష్ నాటకములను నిషేధింపగా, నటులు లండనుకును న్యూయార్కునకును తరలిపోయిరి. కాని న్యూయార్కు రంగస్థలమున నాడు ప్రదర్శింపబడుచుండిన వానిలో పెక్కు పాటలును ఆటలును నిండిన రాజుల కథలు. పాత్రలు గొప్పకై జర్మనును అనుకరించు కృత్రిమ భాష పలుకుచుండెను. నటులు తోచిన హాస్యమును నడుమ నడుమ చొప్పించుచుండిరి. గార్డిన్ చూచి, ఇందు మన జీవిత మెచ్చట నున్నదని నిట్టూర్చెను. అంతట ప్రసిద్ధనటులగు యాకోబు ఆడ్లర్, మొగులెస్కో అనువారితో అతనికి పరిచయము కలిగెను. 1891 లోనే అతని మొదటి నాటకము ‘సైబీరియా’ ప్రదర్శింపబడెను.

ఆ నాటకమున మనుష్యులు మనుష్యులవలె మాటలాడిరి. వినోదమునకు అలవాటుపడిన సభ మొదట విసిగి నవ్వెననియు, ఆడ్లర్ తెరముందుకు వచ్చి శ్రద్ధగా వినుడని వేడుకొనెననియు, కడపట అందరును కన్నీరు పెట్టిరనియు చెప్పుదురు. నాటినుండి గార్డిన్ ఒక నియమము పెట్టెను: వ్రాసిన మాటనే నటుడు పలుకవలెను, ఏ పాత్ర బ్రతుకునకు తగిన మాట ఆ పాత్రకుండవలెను.

1892 లో వెలువడిన ‘యూద లియరు రాజు’ అతనికి స్థిరకీర్తి తెచ్చెను. షేక్స్‌పియరు రాజు ఇందు విల్నా నగరపు ధనిక వర్తకుడగు దావీదు. పండుగనాటి భోజనపు బల్లవద్ద అతడు తన ఆస్తిని ముగ్గురు కుమార్తెలకు పంచి, తాను పుణ్యభూమికి పోవ నిశ్చయించును. కడపటి కుమార్తె తైబెలె తండ్రి యిచ్చిన నగకు మురియదు. రాజధానికి పోయి వైద్యము చదువుదునని కోరి తండ్రి యాగ్రహమునకు పాత్రమగును. పెత్తనము చేపట్టిన పెద్దల్లుడు ముసలివారికి కడుపునిండ అన్నము పెట్టడు. చూపు పోయిన దావీదు నమ్మినబంటు చేయిపట్టుకొని బిచ్చమునకు బయలుదేరును. కడపట వైద్యురాలై వచ్చిన తైబెలెయే అతని నాదరించును. శస్త్రచికిత్సచే చూపు మరలవచ్చునను ఆశ అతనికి కలుగును.

స్త్రీవిద్యను గూర్చి నూరు ఉపన్యాసములు చేయలేని పనిని ఈ యొక్క కథ చేసినది. ఎట్లు? ముసలితండ్రిని గార్డిన్ పరిహసింపలేదు. ఆ పండుగను, ఆ ప్రార్థనను, ఆ బల్లపై దీపమును ప్రేమతో చిత్రించెను. దావీదు మూర్ఖుడే, కాని సభలోని ప్రతివానికి అతడు తన తండ్రి. ముసలివారిని సముద్రమున కావల విడిచివచ్చిన వలసవారు ఆ నాటకము చూచి, మరునాడు తల్లిదండ్రులకు సొమ్ము పంపుటకు బారులు తీరిరని ఒక ఐతిహ్యము గలదు.

1898 నాటి ‘మిరెలె ఎఫ్రోస్’ లో ఆ లియరు స్థానమున గ్రోద్నో నగరపు వితంతువు నిలిచెను. భర్త పోయిన పిదప వ్యాపారమును తానే నిలబెట్టిన గృహిణి ఆమె. కోడలి పెత్తనమునకు తాళలేక ఇల్లు విడుచును. కడపట మనుమడు వచ్చి పిలువగా మరలివచ్చును. 1900 లోని ‘దేవుడు, మానవుడు, సైతాను’ మరింత గంభీరమైనది. మతగ్రంథములను వ్రాసి జీవించు నిరుపేద సాధువునకు సైతాను లాటరీ సొమ్ము చేర్చును. అతడు ప్రార్థన శాలువలు నేయు కర్మాగారము పెట్టి, నమ్మిన భార్యను విడిచి, మిత్రులను కూలివాండ్రను చేయును. మిత్రుని కుమారుడు ఆ యంత్రముల నడుమనే ప్రాణము కోల్పోవగా, పశ్చాత్తాపమున ఉరివేసికొనును.

చదువరు లిచ్చట ఒక విషయము గమనింపవలెను. ధనాశ మనుష్యుని చెరచునన్నదే 1881 నాటి లేఖలోని మాట. 1900 లోని నాటకమందును అదే మాట. లేఖను జాతి త్రోసివేసెను. నాటకమును గుండెకు హత్తుకొనెను. భేద మెచ్చట? లేఖలో అతడు బయటినుండి, శత్రువు వినుచుండగా, పలికెను. నాటకమున ‘మనము’ అనుచు లోపలినుండి పలికెను. నేరస్థుడుగా చూపబడినవాడు జాతి కాదు, ఒక మంచివాడు. అతనివలన చెడినవారును జాతివారే. యజమాని క్రింద నలుగుచున్న సభ్యులకు ఆ కూలివాండ్ర బాధ తమదే యయ్యెను.

గార్డిన్ దోషములను మేము దాచము. అతని నాటకములు సుమారు 70. కుటుంబపోషణకై త్వరత్వరగా వ్రాయుటచే వానిలో పెక్కు పాశ్చాత్య నాటకముల అనుసరణములు. పాత్రలు కథను ఆపి ఉపన్యసించుటయు గలదు. 1908 లో ‘ఫార్వర్డ్’ పత్రికా సంపాదకుడు అబ్రహాము కాహన్ అతని రచనలను తీవ్రముగా ఖండించెను. 1909 జూను నెలలో గార్డిన్ బ్రూక్లినులో మరణించెను. అతని యంతిమయాత్రకు వేలకొలది జనులు వచ్చిరి. ఒకప్పుడు ఏ జనులు అతనిని ద్రోహి యనిరో, ఆ జనులే.

ఐరోపాకు అతని నాటకములు తిరిగిపోయినవి. పోలండులో ఎస్తేరు రాహేలు కామిన్‌స్కా మిరెలె పాత్రచే ప్రఖ్యాతి గాంచెను. 1939 లో ఆ కథ అమెరికాలో చలనచిత్రమయ్యెను. పిదప కొలది యేండ్లలోనే నాజీలు విల్నా, గ్రోద్నో నగరముల యూదులను నిర్మూలించిరి. దావీదు కూర్చున్న బల్లయు, మిరెలె యిల్లును నేడు భూమిపై లేవు, గ్రంథములలో నున్నవి. తన వారిని నిందించిన లేఖతో ప్రసిద్ధుడైనవాడు, వారి యింటిదీపమును ఇట్లు భద్రపరచిపోయెను.

మేమును సంస్కరణమును కోరువారమే. పరుషముగా మాటలాడుటయే ధైర్యమని మాకును అప్పుడప్పుడు తోచును. అట్టి వేళల ఈ నాటకకర్త మాకు జ్ఞాపకము రావలెను. అతడు చెప్పదలచిన సత్యము మారలేదు. చెప్పుటకు నిలిచిన చోటు మాత్రమే మారినది.